నెత్తురు చెప్పే సాక్ష్యం

వ్యాధి నిర్ణయంలో వైద్యునికి మొదటి ఆధారం రోగి మాట. నొప్పి ఎక్కడ, జ్వరం ఎప్పటినుండి, రాత్రి నిద్ర పట్టిందా లేదా అని అడిగి తెలుసుకొన్న తరువాతనే నాడి చూడడమైనా, పరీక్షలు రాయడమైనా జరుగుతుంది. కాని స్పృహ కోల్పోయి, గొంతులో గొట్టంతో, కృత్రిమ శ్వాసయంత్రంపై ఉన్న రోగి ఏమి చెప్పగలడు? అటువంటివారిలో జ్వరం కూడా నమ్మదగిన గుర్తు కాదు. వృద్ధులలో ఇన్ఫెక్షన్ ముదిరినా ఒళ్లు వెచ్చబడకపోవచ్చు. పెద్ద శస్త్రచికిత్స జరిగిన మరునాడు ఏ ఇన్ఫెక్షనూ లేకుండానే జ్వరం రావచ్చు. నోరులేని ఆ రోగి పక్షాన అతని నెత్తురే సాక్ష్యం చెప్పవలసి వస్తుంది. ఆ సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మవచ్చు, ఎక్కడ నమ్మరాదు అన్నదే ఈ పాఠంలోని విషయం.

విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి 1923లో ప్రారంభమయింది. ఆ సంవత్సరమే మొదలై, నేడు ఆంధ్ర వైద్య కళాశాలగా ప్రసిద్ధమైన విద్యాసంస్థకు ఇది బోధనాసుపత్రి. జనం నోట ‘కేజీహెచ్’గా నానిన ఈ ఆసుపత్రికి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలనుండి, పాడేరు, అరకు మన్యంనుండి, పొరుగున ఉన్న ఒడిశానుండి రోగులు వస్తారు. నగరంలో ఓడరేవు ఉంది, ఉక్కు కర్మాగారం ఉంది, చమురు శుద్ధి కర్మాగారం ఉంది. అందుచేత కాలిన గాయాలవారు, రహదారి ప్రమాదాల బాధితులు, మన్యపు మలేరియా రోగులు, ఉద్దానం ప్రాంతపు మూత్రపిండ వ్యాధిగ్రస్తులు ఇటువంటి పెద్దాసుపత్రుల గడప తొక్కుతుంటారు. రక్తపరీక్షలో వచ్చిన ఒకే అంకెకు వీరందరిలో ఒకే అర్థం ఉండదు. ఈ మాటను గుర్తుపెట్టుకొని ముందుకు సాగుదాం.

తీవ్రంగా జబ్బుపడినవారి విషయంలో వైద్యులు అన్నింటికంటె ఎక్కువగా భయపడే స్థితిని ‘సెప్సిస్’ అంటారు. కుళ్లుట అని అర్థమిచ్చే గ్రీకు పదం ఇది. మన పాత వైద్యంలో సన్నిపాతం అనే మాట ఒకటి ఉంది. వాత పిత్త కఫాలు మూడూ ఒక్కసారిగా ప్రకోపించి రోగిని సంధి ప్రేలాపనలలోకి నెట్టే ప్రమాదకర స్థితికి ఆ పేరు. సన్నిపాతమూ సెప్సిసూ ఒకటేనని చెప్పడం తొందరపాటు. అయితే మంచం పక్కన కూర్చున్నవారి కంటికి ఆ రెండూ చాలవరకు ఒకే విధంగా కనబడి ఉంటాయనుకోవడంలో తప్పులేదు. 2016లో అంతర్జాతీయ నిపుణులు దీనికి కొత్త నిర్వచనం ఇచ్చారు. ఇన్ఫెక్షన్‌కు శరీరం ఇచ్చే ప్రతిస్పందన అదుపు తప్పి, స్వీయ అవయవాలనే దెబ్బతీసి, ప్రాణాపాయం తెచ్చే స్థితి సెప్సిస్ అని ఆ నిర్వచన సారం. 2017లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4 కోట్ల 89 లక్షలమంది దీని బారినపడ్డారనీ, 1 కోటి 10 లక్షలమంది మరణించారనీ 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అంటే ఆ సంవత్సరపు మరణాలలో దాదాపు ఐదింట ఒకటి.

రక్తంలో ఉన్న సూక్ష్మజీవినే పట్టుకొని చూడవచ్చు గదా అన్న ప్రశ్న సహజం. దానికి బ్లడ్ కల్చర్ అనే పరీక్ష ఉంది. రోగి రక్తాన్ని పోషక ద్రవమున్న సీసాలో చేర్చి, వెచ్చగా ఉంచి, బాక్టీరియా పెరిగేవరకు వేచి చూస్తారు. ఫలితానికి ఒక రోజు పట్టవచ్చు, మూడు నాలుగు రోజులూ పట్టవచ్చు. సెప్సిస్ ఉన్నవారిలోనూ అనేకసార్లు సీసాలో ఏదీ మొలకెత్తదు. స్క్రబ్ టైఫస్ జ్వరానికి కారణమైన క్రిమి మామూలు కల్చర్‌లో పెరగనే పెరగదు. కనుక శత్రువును కళ్లారా చూడలేని వైద్యుడు, శత్రువు వచ్చినప్పుడు కోటలో చెలరేగే అలజడిని కొలుస్తాడు. శరీరం చేసే ఆ అలజడికి రక్తంలో కనిపించే గుర్తులే ‘రక్త సూచకాలు’.

తర్కశాస్త్రంలో దీనికి చక్కని ఉపమానం దొరుకుతుంది. తర్కసంగ్రహ కర్త అన్నంభట్టు ఆంధ్రుడు. కొండమీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పున్నదని ఊహించడం ఆ శాస్త్రంలో అనుమాన ప్రమాణానికి ప్రసిద్ధ ఉదాహరణ. వంటయింట్లో పొగా నిప్పూ కలిసి ఉండడం చూచినవాడు కొండమీది నిప్పును చూడకుండానే తెలుసుకొంటాడు. అయితే దీన్ని తిరగవేసి, నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందని చెప్పరాదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ పుట్టడానికి నిప్పుతోబాటు తడికట్టె తోడు కావాలని తార్కికులు అంటారు. ఉక్కునగర వాసులకు కాలిన ఇనుమును గురించి వేరే చెప్పవలసిన పని లేదు. సూచకం పొగ, ఇన్ఫెక్షన్ నిప్పు అనుకొంటే, ఈ శాస్త్రంలోని చిక్కులన్నీ ఆ ఉపమానంలోనే ఇమిడి ఉన్నాయి.

పొగను కొలిచే ప్రయత్నాలు ఈనాటివి కావు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలనుండి ఇ.ఎస్.ఆర్. అనే పరీక్ష వాడుకలో ఉంది. సన్నని గాజుగొట్టంలో నిలబెట్టిన నెత్తురులో ఎర్రకణాలు గంటకు ఎన్ని మిల్లీమీటర్లు దిగుతాయో చూడడమే ఆ పరీక్ష. చౌకయినది, సులభమైనది. కాని అది పెరగడానికీ తరగడానికీ రోజులు, వారాలు పడుతుంది. గంటలతో పందెం వేయవలసిన ఐ.సి.యు.లో దాని నడక చాలదు.

1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ అనే శాస్త్రజ్ఞులు న్యుమోనియా రోగుల రక్తాన్ని పరీక్షిస్తూ ఒక వింతను గమనించారు. న్యుమోనియా క్రిమినుండి వేరుచేసిన ‘సి’ అనే పదార్థాన్ని ఆ రోగుల రక్తరసంలో కలిపితే తెల్లని అవక్షేపం ఏర్పడేది. రోగి కోలుకొన్న తరువాత ఆ గుణం పోయేది. అలా బయటపడినదే సి-రియాక్టివ్ ప్రోటీన్, అంటే సి.ఆర్.పి. ఇది కాలేయంలో తయారవుతుంది. శరీరంలో ఎక్కడ శోథ రగిలినా అక్కడి రసాయన సందేశాలు కాలేయాన్ని చేరి, ఈ ప్రోటీన్ ఉత్పత్తిని ప్రేరేపిస్తాయి. ఆరోగ్యవంతులలో లీటరు రక్తరసానికి సాధారణంగా 10 మిల్లీగ్రాములకు మించని ఈ ప్రోటీన్ తీవ్ర ఇన్ఫెక్షన్లలో వందలకు చేరుతుంది. లేవడానికి 6 నుండి 12 గంటలు, శిఖరాన్ని చేరడానికి సుమారు రెండు రోజులు తీసుకొంటుంది.

రెండవ సూచకం ప్రోకాల్సిటోనిన్. దీనికి తెలుగు పేరు కల్పించే సాహసం చేయడం లేదు. అర్థంకాని కొత్త సంస్కృత సమాసంకంటె ఆసుపత్రిలో వినిపించే మాటే మేలు. కాల్సిటోనిన్ అనే హార్మోనుకు ఇది పూర్వరూపం. మామూలుగా థైరాయిడ్ గ్రంథిలో తయారై, అక్కడే హార్మోనుగా మారిపోతుంది కనుక రక్తంలో దాదాపు కనబడదు. తీవ్రమైన బాక్టీరియా ఇన్ఫెక్షన్ సోకినప్పుడు మాత్రం శరీరంలోని అనేక కణజాలాలు దీన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. తీవ్ర బాక్టీరియా వ్యాధులున్న పిల్లలలో ఇది బాగా పెరుగుతున్నదనీ, వైరస్ వ్యాధులలో అంతగా పెరగడం లేదనీ 1993లో ఫ్రెంచి పరిశోధకులు ప్రకటించడంతో వైద్యలోకం దృష్టి దీనిపై పడింది. వైరస్‌తో పోరాడేటప్పుడు శరీరం విడుదలచేసే ఇంటర్ఫెరాన్ దీని ఉత్పత్తిని అణచిపెట్టడమే ఈ తేడాకు ముఖ్యకారణం. ఇది నాలుగైదు గంటలలోనే లేస్తుంది. కారణం తొలగితే రోజుకు సుమారు సగం చొప్పున తగ్గుతుంది.

రక్తంలోని అతిస్వల్ప పదార్థాలను లెక్కగట్టే విద్యలో ఒక తెలుగువాని చేయి కూడా ఉంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతో అది ప్రపంచమంతటా ప్రయోగశాలలలో నిలిచింది. ఆయన పేరు ఈ పాఠంలో మరొక చోట కూడా రాక తప్పదు.

ఇప్పుడు పొగ మోసం చేసే సందర్భాలకు వద్దాం. శరీరంలో రగిలే మంటలన్నీ ఇన్ఫెక్షన్ మంటలు కావు. పెద్ద శస్త్రచికిత్స, తీవ్రమైన దెబ్బలు, విస్తారమైన కాలిన గాయాలు ఈ సూచకాలను క్రిమి ప్రమేయం లేకుండానే పెంచుతాయి. 2012 జూన్ 13న విశాఖ ఉక్కు కర్మాగారంలోని ఆక్సిజన్ విభాగంలో పేలుడు సంభవించి పలువురు ప్రాణాలు కోల్పోయారు. అటువంటి ప్రమాదంలో కాలిన కార్మికునికి తొలి రోజు పరీక్షచేస్తే సూచకాలు ఎక్కువగానే ఉంటాయి. అది కాలిన చర్మపు మంట. అసలు ప్రమాదం కొన్ని రోజుల తరువాత, చర్మమనే రక్షణ కవచం లేని గాయంలో బాక్టీరియా చేరినప్పుడు వస్తుంది. అప్పుడు దిగుతున్న అంకె మళ్లీ పైకి తిరుగుతుంది. ఆ మలుపును కనిపెట్టడమే కాలిన గాయాల రోగి విషయంలో ఈ పరీక్ష చేయగల మేలు.

ఉద్దానం రోగి మాట వేరు. శ్రీకాకుళం జిల్లాలోని ఆ కొబ్బరితోటల సీమలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి విస్తారంగా ఉన్న సంగతి లోకవిదితం. మూత్రపిండాలు చెడి డయాలిసిస్‌పై ఉన్నవారిలో ప్రోకాల్సిటోనిన్ మామూలు రోజులలోనే కొంత ఎక్కువగా ఉంటుంది. ఇతరులలో అనుమానం రేకెత్తించే అంకె వారికి నిత్యస్థితి కావచ్చు. మన్యంనుండి తీవ్ర మలేరియాతో వచ్చినవారిలోనూ రెండు సూచకాలూ పెరుగుతాయి. మలేరియా క్రిమి బాక్టీరియా కాదు. అక్కడ రక్తపు చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసే పాత పరీక్షే సూటిగా సమాధానం చెబుతుంది.

ఇక ఇనుపగుండు సంగతి. సి.ఆర్.పి. కాలేయంలో తయారవుతుందని చెప్పుకొన్నాం. కాలేయం పూర్తిగా దెబ్బతిన్న రోగిలో ఇన్ఫెక్షన్ భగ్గున మండుతున్నా సి.ఆర్.పి. రావలసినంత రాకపోవచ్చు. నిప్పుంది, తడికట్టె లేదు. ఇన్ఫెక్షన్ మొదలైన తొలి గంటలలో తీసిన నమూనాలో కూడా పొగ ఇంకా లేచి ఉండదు. ఒకచోట గూడుకట్టుకొని ఉన్న చీముగడ్డ ప్రోకాల్సిటోనిన్‌ను ఏమంత కదిలించకపోవచ్చు. కనుక అంకె తక్కువగా ఉందని చెప్పి జబ్బులేదని తీర్పు చెప్పే అధికారం ఈ పరీక్షలకు లేదు.

మరి వీటి ప్రయోజనం ఏమిటి? అంకెలో కంటె అంకె నడకలోనే ప్రయోజనం ఉంది. ఒక ఉదాహరణ ఊహించుకొందాం. చేపల రేవులో పనిచేసే ఒక వ్యక్తికి పేగుకు రంధ్రం పడి, కడుపులో చీము చేరి, అర్ధరాత్రి శస్త్రచికిత్స జరిగిందనుకొందాం. ఇక్కడి అంకెలు లెక్కకోసం కల్పించినవి. మొదటి ఉదయం ప్రోకాల్సిటోనిన్ మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు. రెండవనాడు 40. ఆ తరువాత వరుసగా 21, 11, 6. ఐదవనాటి 6 అనే అంకెను మాత్రమే చూచినవారు కంగారుపడతారు. ఆరోగ్యవంతులలో అది 0.1 కూడా ఉండదు మరి. కాని రెండవనాటి శిఖరంనుండి చూస్తే అది ఎనభై శాతానికి పైగా తగ్గింది. చీము తొలగింది, మందు పనిచేస్తున్నది, శరీరం అలజడి మానుకొంటున్నది. పక్క మంచం మీది రోగికి నిన్న 1, నేడు 4 అనుకోండి. 6 కంటె 4 చిన్నదే. అయినా ఆ రాత్రి వైద్యుడు కంటికి రెప్పలా కాచుకోవలసింది ఈ రెండవ రోగినే. ఊపిరితిత్తులలో కొత్తగా న్యుమోనియా మొదలయిందా, మెడనరంలో అమర్చిన గొట్టం వద్ద క్రిమి చేరిందా అని వెదకవలసింది అక్కడే.

సూచకాల సాక్ష్యం చికిత్స మొదలుపెట్టే వేళకంటె, ఆపే వేళలో ఎక్కువగా ఉపయోగపడుతుంది. ఇది తొలిచూపులో వింతగా తోచవచ్చు. సెప్సిస్ వలన రక్తపోటు పడిపోతున్న రోగికి గంటలోపల యాంటీబయాటిక్ మందు పడాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పరీక్ష ఫలితంకోసం మందు ఆపితే ప్రాణం ఆగకపోవచ్చు. ప్రోకాల్సిటోనిన్‌ను చూసి మందు మొదలుపెట్టాలా వద్దా అని నిర్ణయించవద్దని 2021 నాటి మార్గదర్శకాలు సూచించాయి. అంకె పెరిగినప్పుడల్లా మందుల జోరు పెంచితే ఏమవుతుందో డెన్మార్క్ పరిశోధకులు సుమారు 1,200 మంది ఐ.సి.యు. రోగులలో పరిశీలించి, 2011లో ఫలితాలు వెల్లడించారు. ప్రాణరక్షణ పెరగలేదు. మందుల వాడకమూ, ఐ.సి.యు.లో గడపవలసిన రోజులూ పెరిగాయి.

ఆపే వేళ సంగతి వేరు. నెదర్లాండ్స్‌లో 1,500 మందికి పైగా రోగులపై జరిగి 2016లో వెలువడిన పరిశోధనలో, ప్రోకాల్సిటోనిన్ శిఖరంనుండి ఎనభై శాతం తగ్గినప్పుడు గాని, 0.5కు దిగినప్పుడు గాని మందు ఆపవచ్చునని వైద్యులకు సలహా ఇచ్చారు. నిర్ణయాన్ని వారికే వదిలారు. మామూలు పద్ధతిలో 7 రోజులు పట్టిన చికిత్స, ఈ పద్ధతిలో 5 రోజులకు తగ్గింది. నెలలోపు మరణాలు పెరగకపోగా కొంత తగ్గాయి కూడా. బ్రిటన్‌లో 2,760 మంది సెప్సిస్ రోగులతో జరిగి 2024లో ప్రకటితమైన మరో పరిశోధనలో ఆదా ఇంతకంటె స్వల్పం. 10.7 రోజుల చికిత్స 9.8 రోజులయింది. అక్కడ సి.ఆర్.పి.ని కూడా అదే విధంగా వాడి చూశారు. మందు వాడిన రోజులు తగ్గనే లేదు.

ఒక్క రోజు మందు తగ్గడం అంత గొప్ప సంగతా? యాంటీబయాటిక్ ప్రతి అదనపు రోజూ శరీరంలోని క్రిములకు ఒక పాఠశాల. బలహీనమైనవి చస్తాయి, మందును తట్టుకొన్నవి మిగులుతాయి, మిగిలినవి పక్క మంచానికి పాకుతాయి. ఇక్కడ యల్లాప్రగడ సుబ్బారావును మళ్లీ తలచుకోవాలి. ఆయన పరిశోధన సంచాలకుడుగా ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు. 1948లో అది లోకానికి వెల్లడయింది. ఆ సంవత్సరమే సుబ్బారావు కన్నుమూశాడు. ఆ కుటుంబానికే చెందిన డాక్సీసైక్లిన్ నేటికీ స్క్రబ్ టైఫస్ రోగులను బ్రతికిస్తున్నది. ఒకప్పుడు ఆ కుటుంబపు మందులకు లొంగిన బాక్టీరియాలు ఎన్నో ఇప్పుడు లొంగడం లేదు.

కోవిడ్ కాలం ఈ పరీక్షలను ఇంటింటి మాటలుగా మార్చింది. 2020, 2021 సంవత్సరాలలో విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి, విమ్స్ కోవిడ్ రోగులకు చికిత్స అందించాయి. అంతకుముందు ఆ మూడక్షరాలు వినని కుటుంబాలలోనూ సి.ఆర్.పి. ఎంత వచ్చిందన్న ప్రశ్న వినిపించింది. కోవిడ్‌లో సి.ఆర్.పి. పెరగడం నిజమే. వ్యాధి తీవ్రతను అంచనా వేయడానికి అది పనికివచ్చింది. కాని అది వైరస్ రగిలించిన శోథ. బాక్టీరియా తోడుకాని కోవిడ్ రోగులలో ప్రోకాల్సిటోనిన్ సాధారణంగా తక్కువగానే ఉండేది. అయినా పెరిగిన సి.ఆర్.పి.ని చూసి, వైరస్‌పై పనిచేయని యాంటీబయాటిక్‌లను ప్రపంచమంతటా విరివిగా వాడారు. సి.ఆర్.పి. చౌకగా దొరకడం, ప్రోకాల్సిటోనిన్ దానికి ఎన్నో రెట్లు ఖరీదు కావడం కూడా ఇందుకు కొంత కారణమై ఉండవచ్చు. పేదలకు వైద్యం చేసే ఆసుపత్రులలో ఏ పరీక్షను రోజూ చేయించాలి, దేనిని రెండు మూడు రోజులకొకసారి చేయించాలి అన్నది వైద్యశాస్త్ర ప్రశ్న మాత్రమే కాదు. పైగా నమూనాలకోసం రోజూ తీసే రక్తం కూడా రోగిదే. పదే పదే తీయడంవలన రక్తహీనత కలిగే అవకాశం ఉంది.

ఈ రెండింటి పక్కన లాక్టేట్ అనే మరో అంకెను కూడా చూస్తారు. అది ఇన్ఫెక్షన్‌కు సూచకం కాదు. కణజాలాలకు చాలినంత రక్తమూ ప్రాణవాయువూ అందకపోతే పెరుగుతుంది. సెప్సిస్‌లో రక్తపోటును నిలబెట్టడానికి మందు అవసరమై, లాక్టేట్ కూడా 2 మిల్లీమోల్స్‌కు మించితే దానిని సెప్టిక్ షాక్‌గా పరిగణిస్తారు. సి.ఆర్.పి. రోజులలో మాట్లాడితే, లాక్టేట్ గంటలలో మాట్లాడుతుంది.

చివరగా, చిన్నదిగా కనిపించే ఒక విషయం ఉంది. కొన్ని ప్రయోగశాలలు సి.ఆర్.పి.ని లీటరుకు మిల్లీగ్రాములలోనూ, కొన్ని డెసిలీటరుకు మిల్లీగ్రాములలోనూ తెలుపుతాయి. లీటరుకు 120 అన్నా, డెసిలీటరుకు 12 అన్నా ఒకటే. నర్సీపట్నంలోనో పార్వతీపురంలోనో 12 అని రాసిన కాగితంతో అంబులెన్సులో విశాఖ చేరిన రోగికి ఇక్కడ 120 అని వస్తే, ఒక్కరాత్రిలో జబ్బు పదింతలయిందని బంధువులు గుండెలు బాదుకొంటారు. ప్రమాణం చూడకుండా తొందరపడిన వైద్యుడు అక్కరలేని మందు మార్పుకూ పూనుకోవచ్చు. అందుకే రోగిని పై ఆసుపత్రికి పంపే లేఖలో అంకెతో పాటు దాని ప్రమాణాన్నీ, రక్తం తీసిన తేదీనీ వేళనూ, అప్పటికి మొదలుపెట్టిన మందు పేరునూ విధిగా రాయవలసి ఉంటుంది.